బిగ్ స్టార్ తొలి ఆల్బమ్: మెంఫిస్ గిటార్ పాట

మెంఫిస్ అనగానే పాశ్చాత్య జనప్రియ సంగీతం తెలిసినవారికి ముందుగా ఎల్విస్ ప్రెస్లీ, సన్ రికార్డ్స్ సంస్థ, ఆ తరువాత ఓటిస్ రెడ్డింగ్, ఐజాక్ హేస్ వంటి నల్లజాతి గాయకుల సోల్ సంగీతం గుర్తుకు వస్తాయి. అమెరికా దక్షిణ ప్రాంతంలో, టెనెసీ రాష్ట్రంలో, మిసిసిపి నది ఒడ్డున ఉన్న ఆ నగరంలోనే 1972లో నలుగురు యువకులు ఊరి సంగీతాన్ని దాదాపుగా పక్కన పెట్టి, అంతకు కొన్నేళ్ల ముందు ఇంగ్లండులో బీటిల్స్, కింక్స్, హూ బృందాలు తీర్చిదిద్దిన గిటార్ పాటను తమ సొంతం చేసుకొని ఒక ఆల్బమ్ వెలువరించారు. బృందం పేరు బిగ్ స్టార్. అది వారు పనిచేసిన స్టూడియోకు ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం పేరు. ఆల్బమ్‌కు వారు నంబర్ వన్ రికార్డ్ అని పేరు పెట్టారు. పన్నెండు పాటలు, దాదాపు 37 నిమిషాల నిడివి గల ఈ ఆల్బమ్ విడుదలైననాడు కొన్నవారు బహు కొద్దిమంది.

దీనిని గురించి రాసేవారు సాధారణంగా అమ్మకాల వైఫల్యంతో మొదలుపెట్టి, సభ్యుల అకాల మరణాలతో ముగిస్తారు. ఆ కథ నిజమైనదే, బాధాకరమైనదే; కాని దానిని ముందుగా విన్న శ్రోత పాటలను జాలితో వింటాడు, జాలితో వినేటప్పుడు వాటి లోపాలను క్షమించినట్టే వాటి గుణాలను కూడా గమనించకుండా దాటిపోతాడు. ఒక తొలి ఆల్బమ్‌ను సమీక్షించేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఆ బృందానికి ఏమి జరిగిందన్నది కాదు, ఆ పాటలలో ఏమి జరుగుతున్నదన్నది. అందువల్ల ఈ ప్రసంగంలో పాటల ప్రస్తావన ముందు వస్తుంది, కథ తరువాత వస్తుంది.

బృందానికి పునాది వేసినవాడు గిటార్ వాద్యకారుడు, గాయకుడు క్రిస్ బెల్. బేస్ గిటార్, అంటే పాటకు మంద్రస్థాయిలో ఆధారస్వరాన్ని అందించే గిటార్ వాయించినవాడు ఆండీ హమ్మెల్, డ్రమ్స్ వాయించినవాడు జోడీ స్టీఫెన్స్. ఈ ముగ్గురూ కలిసి వాయిస్తున్న దశలో నాలుగవవాడుగా వచ్చి చేరిన అలెక్స్ చిల్టన్ అప్పటికే పేరున్న గాయకుడు. 1967లో, పదహారేళ్ల వయస్సులో, బాక్స్ టాప్స్ అనే బృందం తరఫున అతడు పాడిన, నిడివి రెండు నిమిషాలైనా లేని ద లెటర్ అనే పాట అమెరికా జాబితాలలో ప్రథమస్థానానికి చేరింది. ఆ పాటలో వినిపించేది నలభై ఏళ్లు నిండిన మనిషి గొంతులాంటి బొంగురు స్వరం. బిగ్ స్టార్ ఆల్బమ్‌లో అదే గాయకుడు సన్నని, తేటయైన, ఒక్కోచోట వణికే గొంతుతో వినిపిస్తాడు. ఇరవై ఒకటో ఏట చిల్టన్ తన అసలు వయస్సు గొంతుతో పాడాడనుకోవచ్చు. ఈ ఆల్బమ్ స్వభావాన్ని తెలుసుకోవడానికి ఈ రెండు గొంతుల మధ్య తేడాను మించిన ఆధారం లేదు.

పాటలలో ఎక్కువ భాగం బెల్, చిల్టన్ ఇద్దరి ఉమ్మడి పేరుతో వెలువడ్డాయి. బీటిల్స్ బృందంలో లెనన్, మెకార్ట్‌నీ పాటించిన పద్ధతిని వీరు తెలిసే అనుసరించారు. ఇటువంటి సంగీతానికి విమర్శకులు తరువాతి కాలంలో పవర్ పాప్ అనే పేరును స్థిరపరిచారు: ఎలక్ట్రిక్ గిటార్ల గట్టి మోత, దృఢమైన డ్రమ్స్ ఒక పక్క, సులువుగా నోటికి పట్టే బాణీ, పలు కంఠాల మేళవింపు మరొక పక్క ఉండి, రెండూ ఒకదానినొకటి మింగకుండా మూడు నాలుగు నిమిషాలలో ముగిసే పాట అని దానికి స్థూలంగా అర్థం చెప్పవచ్చు. కంఠాల మేళవింపును పాశ్చాత్యులు హార్మనీ అంటారు. ఒకే బాణీని అందరూ ఒకే స్వరంలో పాడక, ఒకరు మూలస్వరం మీద, మరొకరు దానికి పొసగే పై స్వరం మీద, ఇంకొకరు కింది స్వరం మీద ఏకకాలంలో పాడడమే అది. రాగం ఒక్క గీతగా సాగే కర్ణాటక సంప్రదాయంలో దీనికి చోటు లేకపోయినా, ఇళయరాజా సినిమా పాటలు విన్న తెలుగు శ్రోతకు ఈ పద్ధతి కొత్త కాదు.

మొదటి పాట ఫీల్ ఎలక్ట్రిక్ గిటార్ మోతతో మొదలై, వెంటనే బెల్ గొంతును తారస్థాయిలోకి ఎక్కిస్తుంది. ఆ గొంతుకు అందిన ఎత్తు కన్న పాట అడిగిన ఎత్తు కొంత ఎక్కువ. ఆ ప్రయాసను దాచకుండా వదిలిపెట్టడం వల్లనే పాటలోని వేదన నమ్మదగినదిగా వినిపిస్తుంది. పాట మధ్యలో అనుకోకుండా ఊదువాద్యాల గుంపు ఒకటి ప్రవేశించి, కొద్దిసేపు మోగి తప్పుకుంటుంది. ఇంగ్లండు వైపు ముఖం తిప్పుకొని కూర్చున్న ఈ ఆల్బమ్‌లో మెంఫిస్ సోల్ సంగీతం తలుపు తట్టిన ఘట్టాలు చాలా తక్కువ, వాటిలో ఇది స్పష్టమైనది.

రెండవ పాట ద బాలడ్ ఆఫ్ ఎల్ గూడో ఈ ఆల్బమ్‌కు శిఖరమని చెప్పడానికి సందేహించనక్కరలేదు. ఒంటరిగా నిలబడ్డ మనిషి తనను లొంగదీయజూసే శక్తుల ముందు తల వంచనని నింపాదిగా, కోపం లేకుండా చెప్పుకోవడం దీని వస్తువు. అమెరికాలో 1969 డిసెంబరు నుంచి లాటరీ పద్ధతిలో యువకులను సైన్యంలోకి ఎంపిక చేసి వియత్నాం యుద్ధానికి పంపుతున్న కాలమది. ఈ నలుగురూ సరిగ్గా ఆ వయస్సువారే. అందువల్ల పాటను బలవంతపు సైనిక సేవను తిరస్కరించే గీతంగా అర్థం చేసుకున్నవారు ఉన్నారు, ఆ అర్థం పాటకు చక్కగా అమరుతుంది. అయితే పాట యుద్ధాన్ని నినాదంగా ఎక్కడా ఎత్తుకోదు కాబట్టి, ఏ ఒత్తిడికి లోనైన మనిషైనా దీనిని తనదిగా చేసుకోగలడు.

దీని నిర్మాణాన్ని కొంచెం దగ్గరగా పరిశీలించడం అవసరం. చరణంలో గిటార్ తీగలను ఒక్కసారిగా మీటకుండా ఒకదాని తరువాత ఒకటిగా మీటడం వల్ల స్వరాలు జల్లులాగా విడివిడిగా రాలుతాయి. ఇలా వాయించే పద్ధతికి ఆర్పెజియో అని పేరు. గొంతు అక్కడ తక్కువ స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టుగా ఉంటుంది. పల్లవి వద్దకు వచ్చేసరికి డ్రమ్స్ బలం పుంజుకొని, ఒక్క గొంతు పలు గొంతులుగా విస్తరించి, ఒంటరితనాన్ని గురించిన మాటలను ఒక సమూహం పాడుతున్నట్టు అవుతుంది. స్టీఫెన్స్ డ్రమ్స్ వాయించే తీరు ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. అతడు లయను నిలబెట్టి ఊరుకోకుండా, ప్రతి వాక్యం ముగిసిన చోట చిన్న చిన్న దరువులతో గాయకుడికి జవాబు చెబుతున్నట్టు వాయిస్తాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లైనా నిండలేదు.

ఇన్ ద స్ట్రీట్ పాట చేయడానికి పనిలేక, పోవడానికి చోటులేక రాత్రివేళ కారులో వీధులు తిరిగే కుర్రకారు విసుగును పట్టుకుంటుంది. దీనికి వెన్నెముక రిఫ్, అంటే పాట పొడవునా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ పదబంధం. 1998లో అమెరికా టెలివిజన్‌లో ప్రారంభమైన దట్ సెవెంటీస్ షో అనే హాస్య ధారావాహిక ఈ పాటను ఇతర గాయకుల చేత మళ్లీ పాడించి ప్రారంభగీతంగా వాడుకోవడం వల్ల, బిగ్ స్టార్ పేరు ఎన్నడూ వినని కోట్లమందికి కూడా ఈ బాణీ తెలిసింది. అక్కడ అది కేరింతల పాటగా మారింది. బెల్ పాడిన మూలంలో కేరింత కన్న విసుగు పాలు ఎక్కువ, మూలమే మేలైనది. డోంట్ లై టు మీ అనే పాట మోతలో దీనిని మించుతుంది గాని, విన్న తరువాత మనస్సులో నిలిచేది తక్కువ.

ఈ రెండింటి నడుమ ఉన్న థర్టీన్ పాటలో డ్రమ్స్ లేవు, ఎలక్ట్రిక్ గిటార్ లేదు. విద్యుత్తు అవసరం లేని చెక్క గిటార్లు, వాటి మీద చిల్టన్ గొంతు, దాని వెనుక మెత్తగా కలిసే తోడు కంఠాలు మాత్రమే రెండున్నర నిమిషాల పాటు వినిపిస్తాయి. బడి నుంచి ఇంటిదాకా తోడు రానిమ్మని ఒక అమ్మాయిని అడిగే కుర్రవాడి మాటలు ఇందులోని వస్తువు. తొలియవ్వనాన్ని గురించి పెద్దవారు రాసే పాటలలో సాధారణంగా తీపి జ్ఞాపకాల పూత ఉంటుంది, లేదా పిల్లల అమాయకత్వం మీద చిన్న నవ్వు ఉంటుంది. థర్టీన్‌లో ఆ రెండూ లేవు. కుర్రవాడు అమ్మాయి తండ్రిని గురించి ఫిర్యాదు చేస్తాడు, తాను విన్న రాక్ పాటను ప్రమాణంగా చూపుతాడు, చివరకు ఆమె కాదంటే తాను వెళ్లిపోగలనని కూడా చెబుతాడు. ఆ చివరి మాటలో ఉన్న మర్యాద ప్రేమపాటలలో అరుదు.

సంగీతపరంగా కూడా పాట ఆ మర్యాదనే పాటిస్తుంది. కుడిచేతి వేళ్లతో తీగలను విడివిడిగా మీటుతూ, ఎడమచేతి వేలిని మోగుతున్న తీగ మీద తట్టి రెండవ స్వరాన్ని పుట్టించడం ఇందులోని ప్రధాన అలంకారం. తీగను మళ్లీ మీటకుండానే పుట్టే ఆ రెండవ స్వరం మొదటిదాని కన్న మెత్తగా ఉంటుంది కాబట్టి, వీణ మీద ఒకే మీటులో రెండు స్వరాలు పలికించే పద్ధతి తెలిసిన శ్రోతకు ఇందులోని సొగసు వెంటనే అందుతుంది. గొంతు ఎక్కడా గట్టిపడదు. పాట ఉద్వేగం పెంచుకుంటూ పోయి పతాకస్థాయిలో ముగియాలన్న నియమాన్ని ఇది పట్టించుకోదు. అడగవలసింది అడిగి ఆగిపోతుంది. ఎలియట్ స్మిత్ వంటి తరువాతి తరం గాయకులు దీనిని పాడుకున్నారు.

రికార్డు మొదటి వైపున ఉన్న భాగాన్ని ముగించే ద ఇండియా సాంగ్ హమ్మెల్ ఒక్కడే రాసిన పాట. భారతీయ శ్రోతకు సహజంగానే దీని మీద ఆసక్తి కలుగుతుంది, కాని ఇందులో భారతదేశం లేదు. 60ల చివరిలో బీటిల్స్ సభ్యుడు జార్జ్ హారిసన్ రవిశంకర్ వద్ద సితారు అభ్యసించిన తరువాత, భారతదేశం పేరు ఎత్తిన పాశ్చాత్య గీతాలలో సితారు, తబలా వినిపించడం పరిపాటి అయింది. హమ్మెల్ ఆ దారిన పోలేదు. వేణువును పోలిన స్వరాలతో, ఊగే లయతో, దూరదేశంలోని పెద్ద భవంతిలో మద్యం సేవిస్తూ, పియానో వాయిస్తూ తీరిక జీవితం గడపాలనే ఒక యువకుడి పగటికలను వర్ణించాడు. ఆ కలలోని భవంతి వలస పాలకుల కాలపు దొరల బంగళాకు నకలు. బాణీ ఇంపుగా ఉన్నప్పటికీ, భారతీయులు ఒక్కరూ పూర్తి మనుషులుగా కనిపించని ఇండియాను వర్ణించే ఈ పాటను ఆల్బమ్‌లోని బలహీన రచనగానే లెక్కించవలసి ఉంటుంది.

రెండవ భాగం మొదటి భాగంతో సమానమైనది కాదు. వెన్ మై బేబీస్ బిసైడ్ మీ చురుకైన, నిర్దుష్టమైన పాప్ గీతం. రేడియో కేంద్రాలు పదే పదే వినిపించి ఉంటే జనం నోట నిలిచే లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. ఈ భాగంలోనే వచ్చే గివ్ మీ అనదర్ చాన్స్, ట్రై అగైన్ పాటలు రెండూ మందగతిలో, వేడుకోలు ధోరణిలో వెంటవెంటనే రావడం వల్ల ఒకదాని బరువు మరొకదాని మీద పడుతుంది. వాటిలో బెల్ పాడిన ట్రై అగైన్ దైవాన్ని ఉద్దేశించిన ప్రార్థన, అతని వ్యక్తిత్వానికి దగ్గరి రచన. దానికి చుట్టూ కొంత ఖాళీ స్థలం దొరికి ఉంటే ఇంకా బాగా వినిపించేది. వాచ్ ద సన్‌రైజ్ పాటలో గిటార్ల వెలుగు మళ్లీ ప్రవేశిస్తుంది. చివరిదైన ఎస్‌టీ హండ్రెడ్ బై సిక్స్ ఒక నిమిషం మాత్రమే సాగే తునక.

ఈ పాటలు యాభై ఏళ్ల తరువాత కూడా పాతబడకుండా వినిపించడానికి బాణీల గొప్పతనం ఎంత కారణమో, వాటిని ధ్వనిముద్రణ చేసిన పద్ధతి కూడా అంత కారణం. ఈ బృందం పనిచేసిన ఆర్డెంట్ స్టూడియోస్ స్థాపకుడు జాన్ ఫ్రై బాల్యం నుంచి రేడియో, ధ్వనిముద్రణ యంత్రాల మీద మక్కువ పెంచుకున్న ఇంజనీరు. తల్లిదండ్రుల ఇంటి ఆవరణలో మొదలైన అతని స్టూడియో క్రమంగా పెరిగి, మెంఫిస్‌లోని మాడిసన్ అవెన్యూకు చేరింది. అతడు తనకు నచ్చిన యువకులకు యంత్రాలు నడపడం నేర్పి, వ్యాపార పనులు లేని రాత్రివేళలలో స్టూడియో తాళాలను వారికి అప్పగించాడు. బెల్ ఆ పాఠాలను అందరికన్న శ్రద్ధగా నేర్చుకున్నవాడు. గంటకు ఇంత అని అద్దె కట్టి ధ్వనిముద్రణ చేసుకునే కొత్త బృందాలకు కలలో కూడా దొరకని తీరిక వీరికి దొరికింది. ఒక్క గిటార్ పొర కోసం, ఒక్క తోడు కంఠం కోసం ఎన్ని రాత్రులైనా వెచ్చించగలిగారు.

పొర అనే మాటకు ఇక్కడ సాంకేతికమైన అర్థం ఉంది. బహుళ ట్రాకుల టేపు యంత్రంలో ఒక వెడల్పాటి టేపు మీద పక్కపక్కనే అనేక సన్నని దారులు ఉంటాయి. ఒక దారిలో డ్రమ్స్, మరొకదానిలో గిటార్ నమోదు చేసి, వాటిని వింటూ మూడవదానిలో గొంతును చేర్చవచ్చు. ముందు నమోదైనదానికి ఇలా తరువాత మరొకటి జతచేయడమే ఓవర్‌డబ్బింగ్. చివరకు అన్ని దారులనూ తగిన పాళ్లలో కలిపి ఎడమ, కుడి స్పీకర్లకు పంచే ప్రక్రియకు మిక్సింగ్ అని పేరు. ఈ ఆల్బమ్‌లో చెక్క గిటార్ మీద ఎలక్ట్రిక్ గిటార్, దాని మీద మరొక గిటార్ ఎక్కినప్పటికీ, ప్రతి తీగా విడిగా వినబడుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఎల్ గూడో పాటను వినే శ్రోతకు ఏ గిటార్ ఏ పక్క నుంచి వస్తున్నదో వేలు పెట్టి చూపించగలిగినంత స్పష్టత అందుతుంది.

ఇంత శ్రద్ధగా తయారైన వస్తువు దుకాణానికి చేరలేదు. ఆర్డెంట్ తన రికార్డుల పంపిణీని స్టాక్స్ సంస్థకు అప్పగించింది. స్టాక్స్ సోల్ సంగీతంలో మహా సంస్థ. ఐజాక్ హేస్ షాఫ్ట్ సినిమా సంగీతంతో 1971లో దేశమంతటా విజయం సాధించి పెట్టినది ఆ సంస్థకే. కాని దాని అమ్మకపు మార్గాలన్నీ సోల్ శ్రోతలు ఉన్న దుకాణాల వైపు, రేడియో కేంద్రాల వైపు వేసినవి. గిటార్ రాక్ వినే కాలేజీ కుర్రవాళ్లు వెళ్లే దుకాణాలలో ఆ సంస్థకు పట్టు లేదు. పరిశ్రమ పత్రికలలో ప్రశంసలు వచ్చాయి, కొన్ని రేడియో కేంద్రాలు పాటలను వినిపించాయి, విని దుకాణానికి వెళ్లినవారికి రికార్డు దొరకలేదు. అదే ఏడాది స్టాక్స్ తన పంపిణీ మొత్తాన్ని కొలంబియా అనే పెద్ద సంస్థకు మార్చింది. మార్పు వల్ల మేలు జరగవలసింది పోయి, పాత స్వతంత్ర పంపిణీదారుల చేతులలో ఉన్న రికార్డులు కూడా నిలిచిపోయాయి. తొలి విడుదలలో అమ్ముడైనవి పది వేల లోపేనని చెబుతారు. 1975 చివరికి స్టాక్స్ దివాలా తీసింది.

దెబ్బ అందరికన్న ఎక్కువగా తగిలినది బెల్‌కే. ఆల్బమ్ రూపకల్పనలో ప్రధాన హస్తం అతనిది కాగా, పత్రికల దృష్టి సహజంగానే బాక్స్ టాప్స్ గాయకుడుగా పేరున్న చిల్టన్ మీద పడింది. 1972 చివరికి బెల్ బృందాన్ని విడిచాడు. 1978 డిసెంబరు 27న, ఇరవై ఏడేళ్ల వయస్సులో, మెంఫిస్‌లో కారు ప్రమాదంలో మరణించాడు. మిగిలిన ముగ్గురూ 1974లో రేడియో సిటీ అనే రెండవ ఆల్బమ్ వెలువరించారు, దాని అమ్మకాల గతి కూడా ఇదే. చిల్టన్, హమ్మెల్ ఇద్దరూ 2010లో కొద్ది నెలల వ్యవధిలో మరణించారు.

రికార్డును బతికించినవారు విమర్శకులు, వారి తరువాత సంగీతకారులు. 1973 మేలో ఆర్డెంట్ ఆధ్వర్యాన రాక్ విమర్శకుల సమావేశం మెంఫిస్‌లో జరిగింది. అక్కడ బెల్ లేకుండా వాయించిన బిగ్ స్టార్‌ను విన్నవారు తమ ఊళ్లకు వెళ్లి ఆ పేరును వదలకుండా రాస్తూ వచ్చారు. 1978లో ఇంగ్లండులో మొదటి రెండు ఆల్బమ్‌లు ఒకే జంట రికార్డుగా మళ్లీ వెలువడ్డాయి. 80లలో ఆర్.ఈ.ఎం. బృందం తన గిటార్ ధ్వనికి ఈ మెంఫిస్ యువకులకు ఋణపడి ఉన్నట్టు బాహాటంగా చెప్పింది, 1987లో రిప్లేస్‌మెంట్స్ బృందం చిల్టన్ పేరుతోనే ఒక పాట చేసింది, స్కాట్లాండుకు చెందిన టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ ఈ బాటనే నడిచింది. ఒక కొత్త గిటార్ బృందం తన తొలి ఆల్బమ్‌లో ఏమి చేయవచ్చన్న ప్రశ్నకు ఆ తరం వారందరికీ ఈ ఆల్బమ్ ఒక సమాధానంగా పనికివచ్చింది.

నేడు ఈ ఆల్బమ్ ఇంటర్నెట్ సంగీత సేవలలో సులభంగా లభిస్తుంది, కాబట్టి 1972 నాటి శ్రోతకు ఎదురైన అడ్డంకి తెలుగు శ్రోతకు లేదు. ఆంగ్ల రాక్ సంగీతం అలవాటు లేనివారు మొదట థర్టీన్, తరువాత ఎల్ గూడో విని, ఆ పైన మొదటి పాట నుంచి వరుసగా వినడం మంచిది. ఇండియా సాంగ్‌ను, రెండవ భాగంలోని రెండు మందగతి పాటలను మినహాయించినా, మిగిలిన తొమ్మిదీ ఏ పేరున్న బృందం తొలి ఆల్బమ్ పక్కనైనా నిలబడగల పాటలు. వాటిలో థర్టీన్, ఎల్ గూడో రెండూ 70ల అమెరికన్ రాక్ సంగీతంలోని అత్యుత్తమ రచనల వరుసలో లెక్కించవలసినవి.